ముందే చేసిన స్నానం

మా అక్క చనిపోయిన సంగతి నాకు పదహారు రోజుల తర్వాత చెప్పారు. అదీ కడుపునిండా అన్నం పెట్టి, మజ్జిగ పోసి, నేను చెయ్యి కడుక్కున్నాక చెప్పారు.

చెప్పినవాడు పరాయివాడు కాదు. అక్క కొడుకు శ్రీధర్, నా సొంత మేనల్లుడు. దాచినవాళ్ళు కూడా పరాయివాళ్ళు కారు. వాడూ, వాడి భార్య పద్మా. ఊరెళ్ళిన మనిషికి చావు కబురు చేరనివ్వకూడదట. పెద్దవాళ్ళకి తిండి పెట్టాకే చెప్పాలట. ఈ రెండు ఆచారాలూ వాళ్ళకి చక్కగా గుర్తున్నాయి.

ఇరవై ఐదేళ్ళు దాటింది. ఆ కోపం ఇంకా చల్లారలేదు. కానీ నేను రాయడానికి కూర్చున్నది దాని గురించి మాత్రమే కాదు.

దయ్యాలన్నా, శకునాలన్నా నాకు గురి లేదు. బందరులో ముప్పై నాలుగేళ్ళు అచ్చాఫీసులో కంపోజిటరుగా పనిచేశాను. బడిచదువు ఆరో తరగతితో సరి. ఆ తర్వాత తెలుగైనా ఇంగ్లీషైనా ఎదురుగా ఉన్న ప్రూఫు చూసి నేర్చుకున్నదే. దయ్యాల కథల పుస్తకాలు కూడా ఈ చేత్తో కూర్చాను. వాటిలో అచ్చుతప్పులు పట్టానే గాని భయపడిన రోజు లేదు. ఇది కూడా అలాగే చెబుతాను. నేను కళ్ళారా చూసింది వేరే, ఒకరు చెబితే విన్నది వేరే, కలపకుండా చెబుతాను.

మేం ముగ్గురం. అక్క సుభద్ర అందరికన్నా పెద్ద. తర్వాత నేను. ఆఖరివాడు ప్రకాశం, ఇంట్లో వాణ్ణి చిన్నోడు అనేవాళ్ళం, నన్ను పెద్దోడు అనేవాళ్ళు.

చిన్నోడు ఓడల్లో ఇంజను పని నేర్చుకుని విశాఖపట్నంలో ఓడ ఎక్కాడు. కొన్నేళ్ళకి మధ్యధరా సముద్రంలో మాల్టా అనే దీవిలో కార్మెన్ అనే అమ్మాయిని చర్చిలో పెళ్ళి చేసుకున్నానని ఉత్తరం రాశాడు. మా నాన్న ఆ ఉత్తరం నిలబడే చదివాడు. చదివి నూతి దగ్గరికి వెళ్ళి చేద తోడి, కట్టుబట్టలతో నెత్తిన గుమ్మరించుకున్నాడు. మనిషి పోయాడని వింటే చేసే స్నానం అది. "వాడు పోయాడు. మీరూ పోసుకోండి" అన్నాడు. అమ్మ పోసుకుంది. నేనూ పోసుకున్నాను. పుట్టింటికి వచ్చి ఉన్న అక్క మాత్రం నూతిపళ్ళెం పక్కన చాలాసేపు నిలబడింది. నాన్న మళ్ళీ అరిచాక పోసుకుంది.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళు మా ఇంట్లో చిన్నోడి పేరు లేదు.

ఇక సిడ్నీ సంగతి. శ్రీధర్ తొంభై ఎనిమిదిలో వైటూకే పని మీద అక్కడికి వెళ్ళాడు. రెండంకెల్లో ఉన్న సంవత్సరాన్ని నాలుగంకెల్లోకి మార్చే పని. మార్చకపోతే లోకం మునిగిపోతుందన్నారు. కొత్త సంవత్సరం వచ్చింది, ఏదీ మునగలేదు. సిడ్నీ శివారు పారమట్టాలో ఫ్లాటు తీసుకుని ముందు వాళ్ళమ్మని తెచ్చుకున్నాడు. నా భార్య పోయి నేనొక్కణ్ణే ఉన్నానని నన్నూ పిలిపించాడు. ఆ మంచితనాన్ని నేను కాదనను.

ఇంత మాత్రం అంటాను. ప్రపంచంలోని కంప్యూటర్లన్నిటికీ తేదీ సరిగ్గా తెలియాలని రాత్రింబగళ్ళు పనిచేసినవాడు, నాకు మాత్రం మా అక్క పోయిన తేదీ తెలియనివ్వలేదు.

మా కింది ఫ్లాటులో ఒక మాల్టా ముసలాయన ఉండేవాడు. సిడ్నీ పడమటి వైపున ఆ దేశంవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళ క్లబ్బువాళ్ళు వయసు మళ్ళినవాళ్ళని జట్టుగా కట్టి మధ్యధరా యాత్రకి తీసుకెళ్తున్నారని ఆయనే చెప్పాడు. గ్రీసు, మాల్టా, సిసిలీ, రోము. ఆ మాట నేను అన్నం దగ్గర ఊరికే అన్నాను. అక్క తలెత్తి, "వెళ్ళు" అంది.

బయలుదేరే ముందురోజు వంటింట్లో బీరకాయ చెక్కు తీస్తూ నన్ను పిలిచింది. అప్పటికే ఆమెకి ఆయాసం. నాలుగడుగులు వేస్తే ఆగి గోడ పట్టుకునేది.

"పెద్దోడా, వాణ్ణి ఒక్క మాట అడిగి రావాలి."

"ఏమని?"

"నేను పోతే వాడు నాకు నెత్తిన నీళ్ళు పోసుకుంటాడా, పోసుకోడా?"

"ఇదేం ప్రశ్నక్కా? ముప్పై ఏళ్ళకి తమ్ముణ్ణి చూసి అడిగే మాటేనా?"

"బతికున్నవాడికి స్నానం చేశానురా నేను. నువ్వు చేశావు, నీకు గుర్తు కూడా లేదు. నాకు రోజూ గుర్తే. వాడు పోసుకుంటానన్నాడంటే నేనింకా వాడికి అక్కనే. లేదన్నాడంటే అదీ న్యాయమే. ఏదైనా దాచకుండా వచ్చి చెప్పు."

శ్రీధర్ విమానాశ్రయంలో నా చేతి గడియారం చూసి నవ్వాడు. "మావయ్యా, ఇది వైటూకే దాటినట్టేనా? అక్కడికెళ్ళాక టైము మార్చుకోండి" అన్నాడు. నేను మార్చలేదు. అక్క ఎప్పుడు లేస్తుందో, ఎప్పుడు పడుకుంటుందో తెలుస్తూ ఉంటుందని ప్రయాణమంతా గడియారాన్ని సిడ్నీ టైములోనే ఉంచాను. ఇది గుర్తుంచుకోండి.

మాల్టాలో జట్టువాళ్ళు హోటల్లో దిగారు. నేను చిన్నోడి ఇంట్లో దిగాను. అక్క దాచి ఉంచిన ఆ పాత ఉత్తరం మీది అడ్రసుకి ముందే రాస్తే, రమ్మని జవాబిచ్చాడు. చిన్న రేవు ఊరు. ఇంటి ముందు రోడ్డు, రోడ్డు దాటితే రాతిలో తొలిచిన మెట్లు, మెట్ల కింద సముద్రం. వాడి జుట్టు నాకన్నా తెల్లబడింది. తెలుగు మాత్రం ముప్పై ఏళ్ళనాటి బందరు తెలుగే. కార్మెన్ నాకోసం అన్నం వండడం నేర్చుకుంది, రోజూ కొంచెం మెత్తబడేది. పిల్లలు లేరు.

నాలుగు రోజులు అడగలేకపోయాను. ఐదోనాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర, కార్మెన్ లోపలికి వెళ్ళినప్పుడు, అక్క మాట ఉన్నదున్నట్టు చెప్పాను.

చిన్నోడు ముద్ద కంచంలో వదిలేశాడు.

"మీరు నాకు చేసినప్పుడు నీళ్ళు చల్లగా ఉన్నాయా అన్నయ్యా?"

నేను మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాను.

"చెప్పు. నూతి నీళ్ళేగా, చల్లగానే ఉండుంటాయి. అక్క తల ఆరబెట్టుకుందా? జలుబు చెయ్యలేదు కదా?"

"అదేమిట్రా, అక్క పెద్దదయిపోయింది. ఆయాసపడుతోంది."

"నేను ఓడల్లో ఆరుసార్లు చావు తప్పించుకున్నాను. ఎందుకులే, ఇంటిదగ్గర ఎలాగూ స్నానాలయిపోయాయి అనుకునేవాణ్ణి."

అంతే. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

మర్నాడు గురువారం. ఉదయం. ఇక్కడినుంచి అన్నీ నేను చూసినవే.

నేను కిటికీ దగ్గర కాఫీ గ్లాసుతో కూర్చున్నాను. చర్చి గంట ఎనిమిది కొట్టింది. కాసేపటికి చిన్నోడు రొట్టె కొనుక్కుని వస్తూ కనిపించాడు. రోజూ తెచ్చేదే. కాగితంలో చుట్టిన గుండ్రటి రొట్టె, చంకలో. గుమ్మం దాకా వచ్చాడు. తాళంచెవి కోసం జేబులో చెయ్యి పెట్టాడు. ఆగాడు. వెనక్కి తిరిగి రోడ్డు దాటి మెట్లు దిగాడు.

నీళ్ళ దగ్గర ఆగుతాడనుకున్నాను. ఆగలేదు. బూట్లతో, చొక్కాతో, కళ్ళజోడుతో, చంకలో రొట్టెతో, నడుం దాకా, గొంతు దాకా దిగి మునిగాడు. లేచాడు. మళ్ళీ మునిగాడు.

నేను పరుగెత్తాను. నా గుండెకి అంతకు మూడేళ్ళ ముందు ఆపరేషన్ అయింది. నాకు ఈత రాదు. వాడు చావబోతున్నాడని, దానికి కారణం నిన్న నేనడిగిన మాటేనని, ఆ రెండే నా బుర్రలో ఉన్నాయి. కట్టుబట్టలతోనే దిగాను. ఒక అల నా తలమీదుగా వెళ్ళింది. వాడి చొక్కా కాలరు దొరికింది. లాగాను. నేను లాగేలోగా వాడు మూడో మునక వేశాడు. మూడు. లెక్కపెట్టాను.

కార్మెన్ మెట్ల మీద నిలబడి ఇంగ్లీషులో తిట్టింది. "ఇద్దరు ముసలాళ్ళు, ఒక్కడికీ బుర్ర లేదు! స్నానానికి ఇంట్లో గది కట్టించలేదా?" అంది. వాడి చంకలో రొట్టె ఇంకా అలాగే ఉంది, నానిపోయి. ఆమె దాన్ని లాక్కుని పిట్టగోడ మీద పెట్టింది. సముద్రపు పిట్టలు తినేశాయి.

"ఏమిట్రా ఇది?" అన్నాను, దుప్పటి కప్పుకుని కూర్చున్నాక.

"ఏమో అన్నయ్యా."

"చావాలనుకున్నావా?"

"లేదు. దిగాలని కూడా అనుకోలేదు. చూసేసరికి నీళ్ళలో ఉన్నాను." కళ్ళజోడు తుడుచుకుంటూ, "నువ్వెందుకు దిగావు, ఈత రానివాడివి?" అన్నాడు.

నా గడియారంలోకి ఉప్పునీళ్ళు పోయి ఆగిపోయింది. అందులో వింతేమీ లేదు. నాలుగూ పది దగ్గర ఆగింది. సిడ్నీలో సాయంకాలం నాలుగూ పది.

ముందురోజు నేనడిగిన ప్రశ్న వాణ్ణి రాత్రంతా నిద్రపోనివ్వలేదు, మతి చలించి దిగాడు. అప్పుడే ఈ సమాధానం చెప్పుకున్నాను. ఇప్పటికీ నా దగ్గరున్న సమాధానంలో సగం అదే.

ఆ శనివారం పారమట్టాకి ఫోను చేశాను. "అమ్మ పడుకుంది మావయ్యా" అన్నాడు శ్రీధర్. సోమవారం చేశాను. "అత్తయ్య గుడికి వెళ్ళారు మావయ్యగారూ" అంది పద్మ. నాలుగడుగులు వేయలేని మనిషి ఊరి చివరి గుడికి ఎలా వెళ్ళిందని నాకు తట్టలేదు. నడుస్తోందంటే నయంగా ఉందన్నమాట అనుకున్నాను. సంతోషించాను.

తర్వాత సిసిలీ వెళ్ళాం. అక్కడ తీసిన ఫోటో ఒకటి నా దగ్గరుంది. నిమ్మకాయ ఐస్‌క్రీము పట్టుకుని పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాను. అక్క పోయి ఆ రోజుకి వారం. ఆ ఫోటో చింపేద్దామని చాలాసార్లు తీశాను. చింపలేదు. సాక్ష్యం కదా అని ఉంచాను.

తిరిగి వచ్చిన రోజు ఇంట్లో అడుగు పెట్టగానే అక్క ఏదని అడిగాను. "హాస్పిటల్లో చూపించుకోవడానికి వెళ్ళింది. మీరు ముందు తినండి" అన్నాడు. పద్మ దొండకాయ వేపుడు, చారు చేసింది. నాకు ఆకలిగా ఉంది, బాగా తిన్నాను. మళ్ళీ వడ్డించమన్నాను. అప్పుడు కూడా ఎవరూ నోరు విప్పలేదు.

చెప్పాక నేనన్న మాటలు ఇక్కడ రాయను.

"మీకు గుండె ఆపరేషన్ అయింది మావయ్యా. దేశం కాని దేశం. తెలిస్తే మాత్రం ఏం చేసేవారు చెప్పండి? ఫ్లైట్ మార్చుకోవాలంటే నాలుగు రోజులు. ఈలోపు ఇక్కడ అన్నీ అయిపోతాయి. ఏం చేసేవారు?"

"స్నానం చేసేవాణ్ణిరా."

వాడు తల దించుకున్నాడు. "ఇప్పుడు చెయ్యండి. హీటర్ వేశాను" అన్నాడు.

షవరు కింద నిలబడ్డాను. ఏ నీళ్ళు ఏవో తెలియలేదు.

ఒళ్ళు తుడుచుకుంటూ ఏ రోజు పోయిందని అడిగాను. గురువారం అన్నాడు. ఎన్నింటికన్నాను. హాస్పిటల్ వాళ్ళిచ్చిన కాగితం తెచ్చి చూపించాడు. సాయంకాలం ఐదూ ఐదు.

నేను పెట్టెలోంచి గడియారం తీసి ఆ కాగితం పక్కన పెట్టాను. శ్రీధర్‌కి అది ఎందుకో చెప్పలేదు. అసలు సముద్రం సంగతే ఆ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మా అక్క చావు కబురు నాకివ్వనివాళ్ళకి నేనెందుకు చెప్పాలి?

నాలుగూ పది. ఐదూ ఐదు. గంటకి ఐదు నిమిషాలు తక్కువ.

శకునాలు నమ్మేవాళ్ళయితే ఇక్కడ సంతోషిస్తారు, రక్తసంబంధం అంటారు. నేను సంతోషించలేకపోయాను. ఎందుకంటే పోయాక చేస్తే అది స్నానం. మేం ఆమె బతికి ఉండగా చేశాం. మా నాన్న చిన్నోడికి చేసింది అదే కదా. ముప్పై ఏళ్ళు అక్కని తొలిచింది అదే కదా. తెలియకుండానే మేమిద్దరం ఆమెకి అదే తిరిగి చేశామా? ఆమె అడిగినదానికి చిన్నోడు ఇచ్చిన జవాబు అవునా, కాదా? ఆ జవాబు ఆమెకి చేరిందా? ఆ గంటసేపట్లో ఏం జరిగింది?

చిన్నోడికి ఎవరూ కబురు చెప్పలేదు. నేనే ఫోను చేశాను. రోజు చెప్పాను, టైము చెప్పాను.

"మళ్ళీ చెయ్యాలా అన్నయ్యా? ఆ రోజు చేసింది సరిపోతుందా?"



"ఆఖరున దగ్గర ఎవరున్నారు?" అని అడిగాడు. అదీ నాకు తెలియదు. శ్రీధర్‌ని అడిగాను. నేను వెళ్ళాక ఆయాసం ఎక్కువై అక్కని హాస్పిటల్లో చేర్చారట. ఆ టైముకి వాడు ఆఫీసులో ఉన్నాడట. పద్మ వేడినీళ్ళ ఫ్లాస్కు కోసం ఇంటికి వచ్చిందట. తిరిగి వెళ్ళేసరికి అయిపోయిందట. అంటే మా అక్క ఒంటరిగా పోయింది. ఇది రెండో అన్యాయం.

ఏడుస్తూ పద్మే ఒక మాట చెప్పింది. "ఒక తెలుగు నర్సు ఉండేది మావయ్యగారూ. రజియా అని, గుంటూరమ్మాయి. అత్తయ్యతో ఎప్పుడూ కబుర్లు చెప్పేది. ఆ టైముకి ఆ అమ్మాయి డ్యూటీ అయిపోయింది."

ఆ హాస్పిటల్‌కి జాబు రాశాను. రోగుల వివరాలు ఇవ్వలేమని అచ్చువేసిన కాగితం వచ్చింది. మళ్ళీ రాశాను. మళ్ళీ అదే కాగితం. అక్షరాలు కూడా వంకరగా పడ్డాయి. మొత్తం పదకొండు జాబులు రాశాను. "వదిలెయ్యండి మావయ్యా, కంప్లైంట్ అనుకుంటారు" అన్నాడు శ్రీధర్. కంప్లైంటే అన్నాను.

ఈలోగా ఆ అమ్మాయి ఉద్యోగం మానేసి మెల్‌బోర్న్ వెళ్ళిపోయిందని తెలిసింది. స్టేషను దగ్గర హలాల్ మాంసం కొట్టు నడిపే హైదరాబాదు ఆయన్ని పట్టుకున్నాను. "మీరు మాంసం తినరు, నా కొట్టుకి రోజూ వస్తున్నారు. చూసేవాళ్ళు ఏమనుకుంటారు అంకుల్?" అని నవ్వుతూనే, వాళ్ళ చుట్టాల్లో వాకబు చేసి, ఎక్కడో ఒక పాత అడ్రసు తెచ్చిచ్చాడు. దానికి రాశాను. రెండే ప్రశ్నలు. నాలుగు నుంచి ఐదు దాకా మా అక్క దగ్గర ఎవరున్నారు? ఆమె ఏమైనా అందా? అంతకుమించి ఒక్క అక్షరం రాయలేదు. మాల్టా అని లేదు, సముద్రం అని లేదు, తమ్ముడని లేదు. ఆ జాబు నకలు నా దగ్గర ఉంది. ఎవరైనా చూసుకోవచ్చు.

ఏడు నెలలకి జవాబు వచ్చింది. మెల్‌బోర్న్ శివారు పాయింట్ కుక్ నుంచి, తెలుగులో, నీలం సిరాతో.

చిన్నోడు కూడా పోయి తొమ్మిదేళ్ళయింది. కార్మెన్ అదే రోజు ఫోను చేసింది, దాచలేదు. వాడికి స్నానం చేశాను. వాడికి నేను చేసిన రెండో స్నానం అది. ఈసారి పోయాక చేశాను.

రజియా జవాబుని నేను ప్రూఫు చదివినట్టు ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. ఎక్కడో ఒక పొరపాటు దొరుకుతుందని చూశాను. శ్రీధర్ చెప్పాడేమో అనుకున్నాను. వాడికే తెలియదు. చిన్నోడు రాశాడేమో అనుకున్నాను. ఆ అమ్మాయి ఉన్నదని వాడికే తెలియదు. అయినా ఆమె విన్నది ఆ గురువారం. మేం తడిబట్టలతో మెట్లెక్కుతున్న సమయం. దీనికి నా దగ్గర వివరణ లేదు, ఉన్నట్టు నటించను. ప్రతిదానికీ జాబు రాసే మనిషిని, ఆమె చివర్లో అడిగినదానికి మాత్రం ఈనాటికీ రాయలేకపోయాను. ఆ ఉత్తరం ఇది:

"అంకుల్, నమస్తే. మీ ఉత్తరం మూడు అడ్రసులు తిరిగి నాకు చేరింది. ఇలాంటివి రాయకూడదు, రూల్ ఒప్పుకోదు. ఆ ఉద్యోగం మానేశాను కాబట్టి రాస్తున్నా. అమ్మ ఒంటరిగా లేరు. నా డ్యూటీ మూడున్నరకే అయిపోయింది కానీ బస్సు తప్పిపోయి మళ్ళీ పైకి వచ్చి ఆమె పక్కన కూర్చున్నా. ఆఖరిదాకా చెయ్యి పట్టుకునే ఉన్నా. ఆమె ఏమన్నారని అడిగారు. నాలుగు దాటాక కళ్ళు తెరిచారు. 'చిన్నోడు స్నానం చేశాడమ్మా. చంకలో రొట్టె కూడా పారెయ్యకుండా దిగాడు, సన్నాసి' అన్నారు. నవ్వారు కూడా. కాసేపటికి 'పెద్దోడు కూడా దిగాడు, వాడికి ఈత రాదు' అని కంగారు పడ్డారు. తర్వాత కుదుటపడ్డారు. మందు ఇవ్వబోతే వద్దని, 'మావాళ్ళు నీళ్ళు పోసేసుకున్నారు, ఇంక నేను ఉండకూడదు' అన్నారు. అంతే, మళ్ళీ మాట్లాడలేదు. మీ ఇంట్లో చిన్నపిల్లలెవరో గుర్తొచ్చారేమో అనుకున్నా. ఆ స్నానం ఏంటో, రొట్టె ఏంటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. మీకు తెలిస్తే నాకు రాయండి అంకుల్."